దానం వచ్చినప్పుడు సంఘం ఏమి అడగాలి?

(ఓర్వకల్లులో జరిగిన ప్రాథమిక పాల సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో మా ప్రసంగానికి "దాతృత్వము - అభివృద్ధి" అని పేరు పెట్టారు. పెద్ద పేరు. దాన్ని మనకు తెలిసిన మాటల్లోకి దించుకుందాం. ఈ చుట్టుపక్కల పరిశ్రమ పెట్టబోతున్న ఒక కంపెనీ వారు పాల సంఘాలకు సాయం చేస్తామని ముందుకు వచ్చారు. సభ్యులకు ఉచితంగా ఎనుములు పంచుతామన్నది వారి మొదటి మాట. వేరే ఏదైనా కావాలంటే సంఘాలే తీర్మానం చేసి పంపవచ్చునన్నది రెండో మాట. మొదటి మాట అన్ని ఊళ్ళలోనూ పాకిపోయింది. ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అని అరుగుల మీద లెక్కలు మొదలయ్యాయి. రెండో మాటను పట్టించుకున్నవారు తక్కువ. మేము దాని గురించే మాట్లాడదలచాం.

ముందు కంపెనీల సంగతి తెలుసుకుందాం. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం ఒక స్థాయి మించిన కంపెనీలు, అంతకు ముందు మూడేండ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షనే చెబుతోంది. కాబట్టి వచ్చినవారిని గౌరవిద్దాం, కూర్చోబెట్టి మజ్జిగ ఇద్దాం, కాని చేతులు కట్టుకొని నిలబడవలసిన పని లేదు. ఇలాంటివారు ఓర్వకల్లుకు ఇంకా వస్తారు. గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తయింది. 2021 మార్చిలో విమానాశ్రయం తెరిచారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక ప్రాంతాలలో కడప జిల్లా కొప్పర్తితో పాటు ఓర్వకల్లు కూడా ఉంది; మన దానికి చెప్పిన విస్తీర్ణం 2,621 ఎకరాలు. ఇలాంటి నేల చాలావరకు రికార్డుల్లో బీడు అని ఉంటుంది. గొర్రెలకూ గొడ్లకూ అది ఏనాడూ బీడు కాదు. కంచె పడిన తరువాత మందలు ఏ దారిన పోవాలి, ఎక్కడ మేయాలి అని అడగడం మన హక్కు. దాన్ని దానం పద్దులో కలపనివ్వకండి.

దానాన్ని చిన్నచూపు చూడడానికి మేము రాలేదు. ఈ సీమలో పుట్టినవారెవరూ ఆ పని చేయలేరు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టారు. విక్టోరియా రాణి పేర ఆయనకు బంగారు పతకం వచ్చింది. (మన విమానాశ్రయానికి పేరు పెట్టిన నరసింహారెడ్డి గారిదీ ఆ ఊరే. ఒకే ఊరివారిలో ఒకరిని తెల్లదొరలు ఉరి తీశారు, ఇంకొకరికి పతకం ఇచ్చారు. జనం మాత్రం ఇద్దరినీ తలుచుకుంటారు.) ఆ తరువాత పదేండ్లకు 1876-78 నాటి ధాత కరువు వచ్చింది. ప్రభుత్వం తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనికి వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిపాటి చిల్లర చాలునని 1877లో కట్టడి చేశాడు. ఖజానా మీద భారం తగ్గాలన్నది ఆయన లెక్క. ఒళ్ళు వంచి పనిచేసే మనిషికి అది చాలదని మద్రాసు పారిశుధ్య కమిషనరు డాక్టరు కార్నిష్ వాదించాడు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు పావు భాగం జనం తగ్గిపోయారు.

ఆకలి ఉన్న చోట వెంగళరెడ్డి గారిలాగా పెట్టవలసిందే. ముసలివారికి, దిక్కులేనివారికి, కరువులో పడినవారికి పెట్టేటప్పుడు ఇది తిరిగి వస్తుందా అని అడగకూడదు. అయితే మన ముందున్న ప్రశ్న కరువు గంజిది కాదు. రెండు పూటలా పాలు పోసే సంసారాలు నిలదొక్కుకోవడం ఎట్లా అన్నది. దీనికి ఒక మనిషి గాదె గాని, ఒక కంపెనీ గాదె గాని చాలదు. ఏటేటా తిరిగి నిండే గాదె కావాలి.

అలాంటిది ఎలా కడతారో మన పాల ఉద్యమంలోనే చూడవచ్చు. గుజరాతులో ఖేడా జిల్లా రైతులు 1946లో సంఘం కట్టుకున్న సంగతి శిక్షణ తరగతుల్లో మీరు విన్నదే. ఆనంద్‌లో 1955లో ప్రారంభమైన డైరీకి యంత్రాలు యునిసెఫ్ ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు, పేద పిల్లలకు పాలు అందించాలన్న షరతు మీద ఇచ్చింది. త్రిభువన్‌దాస్ పటేల్, కురియన్ గార్లు ఆ షరతుకు ఒప్పుకున్నారు. యంత్రం వచ్చింది, పిల్లలకు పాలు వెళ్ళాయి, డైరీ మాత్రం రైతులదే అయింది.

దానికంటె పెద్ద కథ 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ ది. అప్పట్లో యూరోపు దేశాల కూటమి దగ్గర పాలపొడి, వెన్న గుట్టలు పడి ఉన్నాయి. ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా 1,26,000 టన్నుల వెన్న తీసిన పాలపొడి, 42,000 టన్నుల బటర్ ఆయిల్ మన దేశానికి ఉచితంగా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. వినడానికి ఎంతో బాగుంది. కాని అంత పాలపొడిని ఉచితంగానో, కారుచౌకగానో పట్టణాల్లో పోస్తే ఏమవుతుంది? పల్లెలో ఎనుమును మేపుకొనే రైతు పాలకు ధర ఉండదు. ఒక దేశపు ధర్మం ఇంకొక దేశపు రైతును ముంచుతుంది. అందుకని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ వారు ఆ పొడిని పంచిపెట్టలేదు. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు డైరీలకు అమ్మారు. వచ్చిన సొమ్మును పల్లె సంఘాలకు, శీతల కేంద్రాలకు, దాణా మిల్లులకు, పాల ట్యాంకర్లకు పెట్టుబడిగా మళ్ళించారు. గుట్ట కరిగేలోగా మన పాలు పట్టణానికి పోయే దారి వేసుకోవాలన్నది ఆలోచన. మన రాష్ట్రంలో 1974లో పాడి అభివృద్ధి కార్పొరేషను, 1981లో సహకార సమాఖ్య ఏర్పడింది కూడా ఆ కాలంలోనే.

దీని మీద విమర్శలు రాలేదని కాదు. 1983లో క్లాడ్ ఆల్వారెస్ అనే రచయిత ఆంగ్ల పత్రికలో గట్టిగా రాశారు. ఆ మరుసటి ఏడు ఝా కమిటీ కూడా కార్యక్రమాన్ని పరిశీలించింది. లాభం నీళ్ళున్న జిల్లాలకు, భూమి ఉన్న రైతుకు ఎక్కువ పోయిందన్న మాటను మేము కొట్టిపారేయం. కాలువ కింద పచ్చగడ్డి పెంచే ఊరికీ, జొన్నచొప్ప మీద ఎండాకాలం గడిపే మన ఊరికీ ఒకే కొలత సరిపోదు. అందుకే ఎక్కడిదో నమూనా తెచ్చి మన మీద వేసుకోనక్కరలేదు. ఓర్వకల్లులోనే ఒక ఉదాహరణ ఉంది. ఇక్కడ కూర్చున్న అక్కలలో చాలామంది దాన్ని కట్టినవారే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మాన్పించడానికి నడుం కట్టారు. ఆ ఊపులోనే రోజుకొక రూపాయి దాచే పొదుపు ఉద్యమం ఆ జిల్లాలో పుట్టింది. 1990ల నడుమ ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ తరఫున దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం మన రాష్ట్రంలో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాలకు వచ్చింది. ఓర్వకల్లు అందులో ఒక మండలం. ఆ కార్యక్రమానికి సలహాదారు పాకిస్తానుకు చెందిన షోయబ్ సుల్తాన్ ఖాన్ గారు. గిల్గిత్ కొండల్లో రైతు సంఘాలు కట్టించిన అనుభవం ఆయనది. వారి పద్ధతి చెప్పుకోవడానికి సులభం, చేయడానికి కష్టం: ముందు గుంపుగా కూడండి, ఎంత చిన్నదైనా మీ సొమ్ము దాచండి, మీలోనే ఒకరిని నడిపించడానికి ఎంచుకోండి, ఆ తరువాత మా సాయం గురించి మాట్లాడదాం. ఇతర కార్యక్రమాలు ముందు డబ్బు చూపి తరువాత సంఘం కట్టించేవి. ఇది తిరగేసి వచ్చింది.

లెక్క వేయండి. పదిహేనుమంది రోజుకొక రూపాయి చొప్పున దాస్తే ఏడాదికి 5,475 రూపాయలు. దానితో ఎవరి జీవితమూ మారిపోదు. కాని ఆ పదిహేనుమంది వారం వారం ఒకచోట కూర్చుంటారు. ఎవరికి అప్పు ఇవ్వాలి, ఎవరు కట్టలేదు, ఎందుకు కట్టలేదు అని వాళ్ళే తేల్చుకుంటారు. పుస్తకం రాయడం రాకపోతే చదువుకుంటున్న పిల్లచేత రాయిస్తారు, తప్పు రాస్తే అడుగుతారు. బయటి సొమ్ము వచ్చేసరికి దాన్ని పట్టుకొనే చేతులు తయారుగా ఉన్నాయి. ఆ సొమ్ము కూడా గ్రామ సంఘం ద్వారా అప్పుగానే తిరిగింది. అలా ఊరూరా సంఘాలు కలిసి మండలానికి పొదుపు లక్ష్మి ఐక్య సంఘం అయింది. ఐక్యరాజ్య సమితి కార్యక్రమం 2000 ప్రాంతంలో ముగిసిపోయింది. ఇచ్చినవారు వెళ్ళిపోయారు, సంఘం ఉండిపోయింది; ఆ తరువాత బాలభారతి అనే బడిని కూడా నెలకొల్పింది. ఇదే నమూనాను చూసి రాష్ట్రమంతటా వెలుగు, దాని తరువాత ఇందిర క్రాంతి పథం నడిచాయి.

అప్పులన్నీ మంచివే అని కూడా అనుకోకండి. అవే పొదుపు సంఘాల ఊళ్ళలోకి తరువాత ప్రైవేటు సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. పేదలకు బ్యాంకు అన్నారు. ఒకే ఇంట్లో మూడు నాలుగు కంపెనీల అప్పు, వారం వారం కిస్తీ, కట్టకపోతే గుమ్మం ముందు కూర్చోవడం. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆపవలసి వచ్చింది. పైకి రెండూ గుంపు అప్పులే. పొదుపు సంఘంలో వడ్డీ ఎంతో సభ్యులు నిర్ణయించారు, మిగులు వాళ్ళ దగ్గరే ఉంది. అక్కడ వడ్డీ ఎక్కడో నిర్ణయమైంది, మిగులు ఎక్కడికో పోయింది. ఎవరైనా మన ఊరికి మేలు చేస్తామని వస్తే ధర ఎవరు నిర్ణయిస్తారు, పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది, మిగిలింది ఎవరిది అని అడగండి. మంచివారైతే నొచ్చుకోరు.

ఇక ఉచిత ఎనుముల సంగతి. మన పెద్దలకు ఇది కొత్త కాదు. 1980 అక్టోబరు 2 నుంచి సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం దేశంలోని అన్ని బ్లాకులకు వచ్చింది. బ్యాంకు అప్పు, ప్రభుత్వ సబ్సిడీ కలిపి పాడి పశువులు ఇచ్చారు. కొందరు బాగుపడ్డారు. చాలాచోట్ల ఒకే ఎనుము ఇద్దరు ముగ్గురి పేర కాగితాల మీద తిరిగింది. సంతలో చూపినప్పుడు పొదుగు నిండా పాలు, ఇంటికి వచ్చాక వట్టిపోయినది. ఉద్దేశం చెడ్డది కాదు. కాని ఎనుమును లెక్కపెట్టారు, ఎనుము తినే మేతను లెక్కపెట్టలేదు. సెంటు భూమి లేని ఇంటికి ఎనుమును తోలి, ఏప్రిల్ నెలలో చొప్ప కట్ట ఎక్కడినుంచి తెచ్చుకుంటారో చూడలేదు. ఆ ఇల్లు దాన్ని అమ్ముకుంటే సోమరితనం అన్నారు. మేము అలా అనం. మేపలేని గొడ్డును అమ్ముకోవడం ఆ ఇంటి తెలివే.

మరి పశువును దానం చేయడమే తప్పా? కాదు. అమెరికాలో డాన్ వెస్ట్ అనే రైతు ఉండేవాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఆకలిగొన్న పిల్లలకు పాలు పంచే పనిలో ఉన్నాడు. గ్లాసెడు పాలు అయిపోతే మళ్ళీ గ్లాసెడు కావాలి కదా, ఆవునే ఇస్తే పోదా అని ఆయనకు తోచింది. 1944లో పదిహేడు పెయ్యలను పోర్టోరికో దీవికి ఓడలో పంపారు. తీసుకున్నవారు దానికి పుట్టిన మొదటి పెయ్యను ఇంకొక పేద ఇంటికి ఇవ్వాలన్నది ఏర్పాటు. తీసుకున్న చేయే రేపు ఇచ్చే చేయి అవుతుంది. మన పల్లెల్లోనూ దూడను పాలికి ఇచ్చి మేపుకోమనే పద్ధతి ఉన్నదే. దాన్ని సంఘం పుస్తకంలోకి ఎక్కిస్తే చాలు.

ఇప్పుడు మా సలహా. మంచి ముర్రా ఎనుము ఈనాడు లక్ష రూపాయల దరిదాపుల్లో పలుకుతోంది. లక్షకు ఒక ఇంటికి ఒక ఎనుము. అదే లక్షను సంఘానికి చొప్ప నిధిగా ఇమ్మని అడిగితే? రబీ జొన్న కోసిన రోజుల్లో చొప్ప కల్లాల దగ్గర చౌక. ఏప్రిల్, మే వచ్చేసరికి అదే కట్టకు కొనలేనంత ధర. కోతల కాలంలో సంఘం కొని, వామి వేసి, ఎండాకాలంలో కొన్న ధరకు ఖర్చులు మాత్రం కలిపి సభ్యులకు ఇవ్వాలి. రొక్కం అడగనక్కరలేదు, పదిహేను రోజుల పాల బిల్లులో కొంచెం కొంచెం పట్టుకోవచ్చు. వానాకాలం పాలు పెరిగేసరికి సొమ్ము తిరిగి వస్తుంది. మరుసటి ఏడు మళ్ళీ చొప్ప కొంటుంది. పదేండ్లలో ఆ లక్ష పదిసార్లు పనిచేస్తుంది, పనిచేసిన ప్రతిసారీ ఎండాకాలంలో ఎనుములు కబేళాకు పోకుండా కొన్ని ఇళ్ళయినా ఆగుతాయి. నీటి వసతి ఉన్న సభ్యులుంటే వారిచేత పచ్చజొన్న వేయించి మాగుడు గడ్డి గుంత కూడా పెట్టుకోవచ్చు. లేనిచోట దాని జోలికి పోవద్దు.

నిప్పు భయం ఉంది. వామి ఊరికి దూరంగా, రెండు చోట్ల వేయండి, బీమా చేయించండి. ఒక్క రాత్రిలో నిధి బూడిద అయితే మళ్ళీ ఎవరూ ఇవ్వరు.

ఎనుము లేని ఇళ్ళ మాట మరిచిపోయి ఈ తీర్మానం చేస్తే అది ఉన్నవారి తీర్మానం అవుతుంది. అడగవలసిన రెండో సంగతి వారిదే. ముందు మేత ఏర్పాటు ఉండాలి, తరువాత ఎనుము. ఎంపిక కంపెనీ మనిషి గాని, అధ్యక్షుడు గాని ఒంటిగా చేయకూడదు. సర్వసభ్య సమావేశంలో, గ్రామ పొదుపు సంఘం అక్కలు కూడా ఉన్నచోట జరగాలి. పుట్టిన మొదటి పెయ్య ఇంకొక ఇంటికి. చెవికి కమ్మ, బీమా, వేళకు సూది మొదటి రోజు నుంచే. దున్న పుడితే ఏమిటని నిన్న ఒక సభ్యుడు అడిగారు. మంచి ప్రశ్న. రెండో ఈత వరకు ఆగడం మేలని మా ఉద్దేశం, మీరు వేరుగా అనుకుంటే అలాగే రాసుకోండి.

కంపెనీ ఇవ్వకపోయినా ఇది ఆగనక్కరలేదు. రోజుకు 200 లీటర్లు పోసే సంఘం లీటరుకు ఒక రూపాయి పక్కన పెడితే ఏడాదికి 73,000 రూపాయలు. లీటరుకు రూపాయి సభ్యునికి బరువే, మాకు తెలుసు. అర్ధరూపాయి పెట్టినా 36,500. మన వాటా కొంత వేసి అడిగేవాడి మాటకు విలువ వేరు. పొదుపు అక్కలు అంతర్జాతీయ సంస్థతో ధైర్యంగా మాట్లాడగలిగారంటే వారి పెట్టెలో వారి రూపాయలు ఉండబట్టే.

సంఘం మీద పెత్తనం గురించి ఒక మాట. 1964 నాటి సహకార చట్టం కింద ప్రభుత్వం వాటాధనం ఇచ్చింది, దానితో పాటు పాలకవర్గాన్ని పక్కనబెట్టే అధికారం కూడా ఉంచుకుంది. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995లో వచ్చింది. దాని కింద ప్రభుత్వ వాటాధనం ఉండదు, ఆ పెత్తనమూ ఉండదు. హైదరాబాదులోని సహవికాస వంటివారు దానికోసం ఎన్నో ఏండ్లు వాదించారు. ఆ చట్టం కిందనే 2000లో ముల్కనూరు ప్రాంతపు మహిళలు తమ సొంత డైరీ మొదలుపెట్టి స్వకృషి పేరుతో పాలు అమ్ముతున్నారు. అక్కడ సభ్యత్వం ఆడవాళ్ళ పేరనే. మన సంఘాల్లో చూడండి. చొప్ప వేసేది, కుడితి పెట్టేది, పేడ తీసేది, పాలు పితికేది ఆమె. సభ్యత్వం, బ్యాంకు పుస్తకం, ఓటు ఆయన పేర. దాత ఇచ్చినా, మనం దాచినా ఆ సొమ్ము ఆమెకు తెలియకుండా ఖర్చయితే ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా వృథా. నొచ్చుకునే అన్నలు నొచ్చుకోవచ్చు. ఈ తీర్మానం పెట్టేముందు ప్రతి సంఘమూ పాలు పోసే ఆడవారి పేర సభ్యత్వం ఇవ్వడం మొదలుపెట్టాలని మేము గట్టిగా కోరుతున్నాం.

"ఉచితంగా ఇస్తుంటే వద్దనడానికి మీకేమి హక్కు?" అని భోజనాల దగ్గర ఒక పెద్దాయన అడిగారు. మాకు ఏ హక్కూ లేదు. సంఘం మీది. ఎనుములే కావాలని మీ సర్వసభ్య సమావేశం తేల్చితే అదే రాసి పంపండి, మేము సంతకం పెట్టి ముందుకు పంపుతాం. చర్చ మాత్రం కానివ్వండి.

తీర్మానం రాసేటప్పుడు ఎంత సొమ్ము, దేనికి, సంఘం వాటా ఎంత, తిరిగి వసూలు ఎలా, పుస్తకం ఎవరు రాస్తారు, ఎన్ని నెలలకోసారి చదివి వినిపిస్తారు అన్నవి స్పష్టంగా ఉండాలి. హాజరైనవారి సంతకాలు, వేలిముద్రలు పుస్తకంలోనే తీసుకోండి, విడి కాగితం మీద వద్దు. నకలును మీ ఊరికి వచ్చే పర్యవేక్షకునికి ఇవ్వండి. చొప్ప ధరలు ఏ ఊళ్ళో ఎలా ఉన్నాయో తెలిసినవారు ఇప్పుడే లేచి చెబితే అందరం రాసుకుంటాం.